మీసాలకు పదకొండు పూతలు

4వ రోజు

పిల్లల తరగతి చిట్టాలో రోజుల లెక్కను తరగతి మొదలైన నాటి నుంచి వేయమని మా బొగ్గుబాయి పెద్ద బుచ్చవ్వ చెప్పింది. నేను మాత్రం రాయమల్లు నుదుటికి మీసాలు అతికించిన నాటి నుంచి వేస్తున్నాను. రెండూ ఒకే రోజు. వాడిని అందరి ముందు నిలబెట్టి, నన్ను ఈ పిల్లల తరగతిలో కూర్చోబెట్టారు.

ఇవాళ్టి పాఠం బొద్దింక. గాజు డబ్బాలో నాలుగు ఉన్నాయి. డబ్బా మధ్యలో అట్టముక్కతో వంకరటింకర గోడ కట్టి ఒకదాన్ని వదిలాను. అది ఒక మీసాన్ని గోడకు ఆనించి, గోడ ఎటు తిరిగితే అటు తిరుగుతూ పరుగెత్తింది.

"చూసిండ్రా. కన్నుతోని కాదు, మీసంతోని తొవ్వ చూస్తున్నది" అన్నాను.

పుస్తకాల్లో వీటిని స్పర్శకాలు అంటారు. బాయిలో అందరం మీసాలనే అంటాం. పురుగుకు మనలాంటి ముక్కు లేదనీ, మీసాలే దాని ముక్కనీ, అవే వేళ్ళనీ, మగ దోమకైతే అవే చెవులనీ చెప్పాను. ఆడదోమ రెక్కల చప్పుడును మగదోమ తన కుచ్చు మీసాలతోనే వింటుంది. తొమ్మిది మంది పిల్లలూ నోళ్ళు తెరుచుకుని విన్నారు.

ఈరమ్మకు ఏడేళ్ళు, ముందుపళ్ళు రెండూ ఊడిపోయాయి. "మరి రాయమల్లన్నకు ముక్కున్నది గద సారూ, మీసాలెందుకు?" అని అడిగింది.

"సారు అనొద్దు, అన్నా అనాలె. ముక్కుకు తెల్వని గాలి ఉంటది. అది మీసాలకు తెలుస్తది."

"పెద్దయినంక నాకు పెడ్తరా?"

"ఉన్నది ఒక్కటే జత."

ఈ మాట రాస్తుంటే పెన్సిల్ ములుకు విరిగింది. మళ్ళీ చెక్కుకుని రాస్తున్నాను.

5వ రోజు

పొద్దున దీపాల గంట మోగాక బాయిలో ఎవరూ కాలు కదపరు. రాయమల్లు ఒక్కడే ఆరు సొరంగాల్లోనూ చివరిదాకా నడిచి వస్తాడు. తిరిగి వచ్చి పాత రైలు పట్టా మీద రాయితో మూడు దెబ్బలు కొడతాడు. అప్పుడే ఒకరు పుట్టగొడుగుల మడులకు, ఒకరు నువ్వుచేల దీపాల కిందికి, ఒకరు నీళ్ళ పంపు దగ్గరికి పోతారు. పైన ఎండకు తట్టుకోలేక మా తాతలు ఈ మూతబడిన బొగ్గుబాయిలోకి దిగిన నాటి నుంచి ఇదే పద్ధతి. మూసేసిన పాత తవ్వకాల్లోంచి చెడుగాలి ఎప్పుడు ఏ పగుల్లోంచి కారుతుందో ఎవరికీ తెలియదు. దానికి రంగు లేదు, వాసన లేదు. అందుకని తాతల కాలపు వైద్యులు ఈ జతను పెంచారు. దానికి ప్రాణం ఉంది. ఒకరు పోయినా, ఒకర్ని తప్పించినా దాన్ని తీసి ఇంకో తలకు అతికిస్తారు.

మొన్నటిదాకా అది ఐలయ్య తాత తల మీద ఉండేది. ఆయన పోయాక ఆ పనికి రాయమల్లు, నేను ఇద్దరం మిగిలాం. కళ్ళకు గంతలు కట్టి, మూతలు పెట్టిన పన్నెండు కుండల ముందు నిలబెట్టి, లోపలేముందో వాసనతో చెప్పమన్నారు. వాడూ పన్నెండు చెప్పాడు, నేనూ పన్నెండు చెప్పాను. అయినా బుచ్చవ్వ వాడి భుజమే తట్టింది.

"ఓదెలూ, నీ తలకాయ ఎప్పుడూ పొయ్యి మీదుంటది కొడుకా. మీసాలు సల్లటి తల మీదనే బతుకుతయ్" అంది.

పాత కార్మిక సంఘం గదిలోని ట్రంకు పెట్టెలో దొరికిన నలభై ఒక్క కరపత్రాలను నేను అట్టతో సహా చదివాను. రాయమల్లు ఒక్కటి కూడా చదవలేదు. ఒకసారి నా చేతిలోది తీసుకుని, మడిచి, చెవిలో దురద తీర్చుకున్నాడు. అలాంటివాడి తల చల్లగా కాక ఎలా ఉంటుంది.

9వ రోజు

ఇవాళ సభలో లేచి మాట్లాడాను. గెలిచాను.

సంగతి ఇది. ఐలయ్య తాత సొరంగాల నుంచి రాగానే మీసాలను తడి కండువాతో లాగి లాగి తుడుచుకునేవాడు. అందరూ అదొక గబ్బు అలవాటనుకునేవారు. ఆయన పోయే నాటికి మీసాల చివర్లు ఎండి పగిలాయి. తుడిచి తుడిచి ఎండబెట్టుకున్నాడని, అందుకే పోయాడని అందరూ తేల్చారు. కొత్తవాడు తుడవకూడదని కట్టడి చేశారు. రోజూ పొద్దున బుచ్చవ్వ తన వేలితో నువ్వులనూనె పూస్తుంది. ఆమె పూస్తుంటే రాయమల్లు కళ్ళు మూసుకుని, పెళ్ళికొడుకులా కూర్చుంటాడు. చుట్టూ జనం నిలబడి చూస్తారు.

నాకు ఒళ్ళు మండింది. "పనిముట్టు ఒక్కరి చేతిలో ఉన్నా దాని బాగోగులు అందరివీ" అని కరపత్రంలో ఉంది. సభలో అదే చదివాను. మీసాలు బాయి మొత్తానివి అయినప్పుడు పూత పూసే హక్కు ఒక్క బుచ్చవ్వకే ఎందుకు, పదకొండు ఇళ్ళున్నాయి, పదకొండు చేతులు పడాలి అన్నాను. చేతులెత్తమంటే ఇంటికొకటి చొప్పున లేచాయి. బుచ్చవ్వ కూడా చెయ్యెత్తింది.

రాయమల్లు వైపు చూశాను. నవ్వుతున్నాడు. ఆ జత వాడి ఒక్కడి సొత్తు కాకుండా చేశానని వాడికి తట్టనే లేదు.

10వ రోజు

మా ఇంటి వంతు అమ్మను పోనివ్వకుండా నేనే వెళ్ళాను. వేలు నూనెలో ముంచి, మొదలు నుంచి చివరిదాకా ఎడమ మీసం మీద నడిపాను. సన్నటి వెంట్రుకలు వేలికి తగిలాయి. అది నా వేలి చుట్టూ ఒకసారి చుట్టుకుని, వదిలింది.

"సల్లగున్నదిరా" అన్నాడు రాయమల్లు.

నాది ఏడో పూత. నా వెనక ఇంకా నలుగురు నిలబడ్డారు.

17వ రోజు

పాఠం: చీమ.

రెండు చీమలు ఎదురుపడి మీసాలతో ఒకదాన్నొకటి తడుముకోవడం పిల్లలకు చూపించాను. ఒంటి మీది వాసనను బట్టి మనదా, పక్క పుట్టదా అని తెలుసుకుంటాయని చెప్పాను. మీసాలు రెండెందుకని అడిగితే ఈరమ్మే చెప్పింది: "ఒకటి ఇరిగితే ఇంకోటి."

అందరూ నవ్వారు. వాసన ఏ పక్క మీసానికి గట్టిగా తగిలితే పురుగు ఆ పక్కకు తిరుగుతుందని, అందుకే రెండని చెప్పాను. నేను నవ్వలేదు. ఈరమ్మ జవాబు కూడా తప్పేమీ కాదు.

తరగతి అయ్యాక నీళ్ళ పంపు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. రాయమల్లు నాలుగో సొరంగంలో పైకప్పు దుంగకు తల కొట్టుకున్నాడు. చీకట్లో గాలి కదలికను బట్టే దుంగ ఎక్కడుందో మీసాలు చెప్పాలి. ఐలయ్య తాత డెబ్బై ఏళ్ళ వయసులో కూడా ఒక్కసారీ కొట్టుకోలేదు.

"ఏందిరా, మీసాలు దుంగను ముద్దు పెట్టుకోమన్నయా?" అన్నాను.

"నిద్రమత్తురా" అన్నాడు. బొప్పి పట్టుకుని నవ్వాడు. వాడికి ప్రతిదానికీ నవ్వే.

ఇవాళ నాకు చాలా రోజుల తర్వాత ఆకలి బాగా వేసింది.

20వ రోజు

రెండో సొరంగంలో పుట్టగొడుగుల మడులు మూడు కుళ్ళిపోయాయి. పది అడుగుల దూరం నుంచి మామూలు ముక్కుకే కంపు కొట్టింది. నాలుగు రోజుల ముందే మీసాలకు తెలియాలి. రాయమల్లు రోజూ ఆ పక్క నుంచే నడిచాడు.

దిష్టి తగిలిందన్నారు. పోశన్న ఇంటివాళ్ళు నూనెలో పసుపు కలిపి పూశారు. అది చూసి పక్కింటివాళ్ళు ఆవాలు కాచిన నూనె తెచ్చారు. ఆ పక్కవాళ్ళు ఊరుకుంటారా, కర్పూరం నూరి కలిపారు. మా అమ్మ నా చేతికి రెండు గిన్నెలిచ్చి "మన ఇంటికి మాట రావొద్దు" అంది. మీసాలు రెండూ దీపపు వత్తుల్లా లావుగా, పచ్చగా నిగనిగలాడుతున్నాయి.

నాకు దిష్టి మీద నమ్మకం లేదు. పన్నెండు కుండలప్పుడు వాడికి అదృష్టం కలిసొచ్చిందని, వాడికి ఈ పని చేతకాదని నా నమ్మకం. ఇంకో రెండు తప్పులు జరిగితే సభే అంటుంది, జత తీసి ఓదెలుకు పెట్టమని.

22వ రోజు

బొద్దింకలకు మూలన బెల్లంముక్క పెట్టి, ఎంతసేపటికి కనిపెడతాయో అంకెలు లెక్కపెట్టమన్నాను. మూడు బొద్దింకలు ఇరవై లెక్కపెట్టకముందే చేరాయి. నాలుగోది డబ్బా అంతా తిరుగుతోంది. బెల్లం పక్క నుంచే పోయింది, ఆగలేదు. మీసాలు బరువుగా కిందికి వాలి ఉన్నాయి. దగ్గరగా చూస్తే పచ్చగా మెరుస్తున్నాయి.

"దీనికి ఏమైంది?" అన్నాను.

పిల్లలందరూ ఈరమ్మ వైపు చూశారు. ఆ పిల్ల గౌను అంచు నోట్లో కుక్కుకుంది.

"నేనే పూత పెట్టిన అన్నా. గీ బొద్దింకకు కూడా రాయమల్లన్న లెక్క మంచిగ కావాలని. పసుపు గూడ ఏసిన."

"ఎన్నిసార్లు పెట్టినవ్?"

"అందరం పెట్టినం. వంతులేసుకొని."

తిట్టబోయి డబ్బా మీదికి వంగాను. బొద్దింక డబ్బా మూలకు పోయి ముందుకాలితో ఒక మీసాన్ని వంచి, నోట్లో పెట్టుకుని, మొదలు నుంచి చివరిదాకా నములుతున్నట్టు లాగుతోంది. చివరికి రాగానే మళ్ళీ మొదటి నుంచి. తరగతి అయ్యేదాకా అదే పని.

చీమల పెట్టె తెరిచి భూతద్దం పెట్టి చూశాను. చీమ ముందుకాలి మీద దువ్వెన లాంటి చిన్న గంటు ఉంది. అది మీసాన్ని ఆ గంటులో ఇరికించి లాగుతోంది. ఇన్నాళ్ళూ చీమల్ని చూపిస్తూ ఈ ఒక్కటీ నేను చూడలేదు. మీసం మీద సూది మొనల కన్నా సన్నటి రంధ్రాలుంటాయని, వాసన వాటిలోంచే లోపలికి పోతుందని పిల్లలకు చెప్పింది నేనే. నూనె పూస్తే రంధ్రాలు ఏమవుతాయి?

23వ రోజు

ఆ బొద్దింక ఇవాళ పద్దెనిమిది లెక్కపెట్టేసరికి బెల్లం చేరింది.

ఐలయ్య తాతది గబ్బు అలవాటు కాదు. ఆయన ముసలితనంతో పోయాడు. మేం ఆయన కండువాను తప్పుపట్టి, రాయమల్లు మీసాలకు రోజుకు పదకొండు పూతలు పూస్తున్నాం. ఒక్క పూతను పదకొండు చేసింది నేను.

సాయంత్రం సభలో బుచ్చవ్వ చెప్పింది: నాలుగు రోజుల్లో, ఇన్నాళ్ళూ మూసి ఉన్న ఏడో సొరంగం గోడ తీస్తారు. ఇళ్ళు ఇరుకైపోయాయి కాబట్టి పిల్లల తరగతినీ, పడకలనూ అక్కడికి మారుస్తారు. గోడ తీయగానే రాయమల్లు ముందు నడుస్తాడు.

చెప్పడానికి లేచాను. "ఏం ఓదెలూ, మల్లా కరపత్రం తెచ్చినవా?" అని ఎవరో అన్నారు. అందరితోపాటు రాయమల్లు కూడా నవ్వాడు. కూర్చున్నాను.

25వ రోజు

ఇవాళ కూడా చెప్పలేదు.

ఇది ఉన్నదున్నట్టు రాయాలి. నేను చెబితే మీసాలు శుభ్రం చేస్తారు, వాడు మళ్ళీ బాగా నడుస్తాడు, జత వాడి తల మీదే ఉంటుంది. చెప్పకపోతే వాడు ఇంకో తప్పు చేస్తాడు. అప్పుడు తీస్తారు, నాకు పెడతారు, నేను తుడుచుకుంటాను. ఎవరికీ తెలియదు. నా లెక్కలో ఎక్కడా తప్పు లేదు. ఒక్కటే, ఈసారి తప్పు జరిగేది పుట్టగొడుగుల దగ్గర కాదు.

సగం దాకా వచ్చిన పాఠాన్ని ఆపేశాను. పిల్లల్ని ఆడుకొమ్మన్నాను.

26వ రోజు

చెబుదామనే పంపు దగ్గరికి వెళ్ళాను. రాయమల్లు ఒంటరిగా బకెట్ నింపుకుంటున్నాడు. మీసాలు వాడి బుగ్గల దాకా వాలి ఉన్నాయి.

"రేపు ఏడో దాంట్లకు పోతున్నరా. నీ పిల్లగాండ్లకు మంచి జాగ చూసి పెడ్త తియ్యి" అన్నాడు.

"నా పిల్లగాండ్లకు జాగ నేను సూసుకోగల్త."

"నువ్వెట్ల సూస్తవ్? నీకు మీసాల్లేవు గద."

మామూలుగానే అన్నాడేమో. నాకు తెలియదు. బకెట్‌ను కాలితో తన్ని వచ్చేశాను. నీళ్ళన్నీ పోయాయి.

27వ రోజు

గోడ దగ్గర బాయి అంతా ఉంది. పిల్లలు కూడా చాపలు చుట్టుకుని వచ్చారు, తమ కొత్త తరగతి అని. రాయమల్లు పదకొండు పూతలతో ముందు నిలబడ్డాడు. నూనె కారి కనుబొమ్మల మీద పడుతోంది. పోశన్న గడ్డపార ఎత్తాడు.

ఈరమ్మ తన బొద్దింక డబ్బాను చంకలో పెట్టుకుని, అందరికన్నా ముందు పోయి గోడకు ఆనుకుని నిలబడింది. "నేనే మొదలు పోత" అంటోంది.

"ఆపున్రి" అన్నాను.

"మల్ల ఏందిరా?" అంది బుచ్చవ్వ.

చుట్టూ చూస్తే పోశన్న భార్య చేతిలో వంట బుట్ట ఉంది. అందులోంచి ఒక వెల్లుల్లి రెబ్బ తీసుకుని అరచేతిలో నలిపాను. రాయమల్లు ముందుకు పోయి, "కండ్లు మూసుకో. ముక్కు పట్టుకో. మీసాలతోని చెప్పు, నా చేతిల ఏమున్నది?" అన్నాను.

వాడు కళ్ళు మూశాడు, ముక్కు పట్టుకున్నాడు. మీసాలు నా అరచేతికి తగిలేలా వంగాడు.

"బెల్లం" అన్నాడు.

వెల్లుల్లి ఘాటు అప్పటికే వెనక వరసలో ఉన్న మా అమ్మ దాకా పోయింది. పోశన్న గడ్డపార దించాడు. నేను పిల్లల వైపు తిరిగి, పాఠంలాగానే చెప్పాను: మీసం మీది రంధ్రాల సంగతి, బొద్దింక నోటి సంగతి, చీమ కాలి దువ్వెన సంగతి, ఐలయ్య తాత కండువా సంగతి. పెద్దవాళ్ళ మొహాల్లోకి చూసి చెప్పే ధైర్యం లేక అలా చెప్పాను. చివర్లో, "పదకొండు పూతలు పెట్టమన్నది నేనే. ఇది తప్పని నాకు నాలుగు రోజులకెల్లి తెలుసు" అన్నాను.

"నాలుగు రోజులకెల్లా?" అంది బుచ్చవ్వ. మా అమ్మ తల వంచుకుంది.

అప్పుడు రాయమల్లు ముక్కు వదిలాడు. "నాకు పది రోజులకెల్లి తెలుసవ్వా. ఏ వాసనా వస్తలేదు. ఊకనే నడిచొచ్చి మూడు దెబ్బలు కొడ్తున్న."

"చెప్పకపోతివేందిరా, సచ్చినోడా? పిల్లలున్నరు గదరా" అంది బుచ్చవ్వ.

"చెప్తే వీనికి పెడ్తరు గద" అని వాడు నా వైపు చూపించాడు.

నా పక్కనున్నవాళ్ళు రెండడుగులు జరిగారు. వాడి పక్కనున్నవాళ్ళూ జరిగారు. మధ్యలో మేమిద్దరమే మిగిలాం.

కుంకుడుకాయల నురుగు తెప్పించారు, పేల దువ్వెన తెప్పించారు. "పుయ్యమన్నది నువ్వు, కడిగేది కూడ నువ్వే" అంది బుచ్చవ్వ. రాయమల్లును కూర్చోబెట్టి, ఒక్కొక్క పూతా దించాను. పసుపు వచ్చింది, కర్పూరం వచ్చింది, ఆవనూనె జిగట వచ్చింది. వెంట్రుకలు ఒక్కటొక్కటే విడిపోయి లేచాయి. బువ్వ గంట కొట్టేదాకా పట్టింది. జనం ఒక్కరూ కదలలేదు.

ఎడమ మీసం లేచి గాలిలో ఆడింది. రాయమల్లు ఒళ్ళు జలదరించింది. "పోశన్నా, నీ అంగీ ఉతికి వారమైంది" అన్నాడు. ఎవరో నవ్వబోయి ఆగారు. వాడు గోడ దగ్గరికి పోయాడు. ఇటుకల సందున మీసాలు రెండూ ఆనించాడు. వెంటనే ఈరమ్మ జబ్బ పట్టి వెనక్కి లాగాడు.

"ఈ గోడను ముట్టకున్రి. అటుపక్క నిండా చెడుగాలి ఉన్నది" అన్నాడు.

పోశన్న గడ్డపారను చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు. అందరం వెనక్కి నడుచుకుంటూ వచ్చాం.

28వ రోజు

సభ. జత వాడి దగ్గర ఉంచకూడదని కొందరన్నారు. నాకు పెట్టకూడదని అందరూ అన్నారు.

బుచ్చవ్వ అందరినీ ఆగమని, "ఇద్దరూ ఒకే తీరు దొంగలు. ఒక్కన్ని పంపుతే దాసిపెడ్తడు. ఇద్దర్నీ పంపుతే ఒకని మీద ఒకడు చెప్తడు" అంది. తీర్పు: ముందు నడిచేది రాయమల్లే. తిరిగి రాగానే నేను మీసాలు దువ్వాలి, వెల్లుల్లితో పరీక్ష పెట్టాలి. నేను సరేనంటేనే వాడు పట్టా మీద మూడు దెబ్బలు కొట్టాలి. పూతలు లేవు, వంతులు లేవు.

"దువ్వే పని వంతులేసుకోవాలని కరపత్రం ఏమన్న చెప్తదా?" అని అడిగింది.

చెప్పదన్నాను.

36వ రోజు

పొద్దున తరగతికి ముందు దువ్వెన పని. వాడు గట్టు మీద కూర్చుంటాడు, నేను వెనక నిలబడతాను. మొదటి రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఇప్పుడు కొంచెం మాట్లాడుకుంటున్నాం. వాడి తల నిజంగానే చల్లగా ఉంటుంది. నా చేతులు కాలుతుంటాయి.

ఇవాళ ఉండబట్టలేక అడిగాను. "మూడో సొరంగం చివర నీళ్ళ ఊట ఉన్నది గద. అది మీసాలకు ఎట్లుంటది?"

వాడు ఆలోచించాడు.

"తడి రాయి లెక్క ఉంటది" అన్నాడు.

"గంతేనా?"

"గంతే. ఇంకేం చెప్పాలెరా? నాకు చెప్పరాదు."

నాకైతే చెప్పొచ్చేది. ఒక పేజీ నిండా రాసేవాణ్ణి. పిల్లలకు చెబితే వాళ్ళు కళ్ళు మూసుకుని ఆ ఊట దగ్గరికి నడిచి పోయేవాళ్ళు. ఆ మాట పైకి అనలేదు. వెల్లుల్లి నలిపి చూపిస్తే "ఎల్లిపాయ, ఇంకా నీ చెమట" అన్నాడు. సరే అన్నాను. వాడు లేవబోతుంటే భుజం నొక్కి మళ్ళీ కూర్చోబెట్టి, ఎడమ మీసాన్ని మొదలు నుంచి చివరిదాకా ఇంకోసారి దువ్వాను. అది శుభ్రంగానే ఉంది.